పురుగు మందుకు ‘అలవాటు’ పడుతుందా? మా నాన్నకీ నాకూ గొడవ

పత్తిచేను_కుర్రాడు · శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమేగానీ రాయడం ఇదే మొదలు. మాది గుంటూరు జిల్లా. డిగ్రీ బీజెడ్‌సీ రెండో ఏడు, సెలవులకి ఇంటికొచ్చాను.

నిన్న పొలంలో మా నాన్న గుడ్డిపూలు (పురుగు పట్టి విచ్చుకోని పత్తిపూలు) ఏరి చూపిస్తూ, “బీజీ-2 విత్తనం (మొక్కలోనే పురుగుని చంపే విషం తయారయ్యే బీటీ పత్తి) వచ్చిన కొత్తల్లో ఈ గులాబీ పురుగు కంటికి కనపడేది కాదురా. ఇప్పుడు దానికి అలవాటు పడిపోయింది” అన్నాడు. నేను ఊరుకోవచ్చుగా, ఊరుకోలేదు. అలవాటు పడటం కాదు నాన్నా, దాన్ని ప్రకృతి వరణం అంటారు, ఒక జీవి బతుకులో సంపాదించుకున్న గుణం పిల్లలకి వస్తుందని లామార్క్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త చెప్పాడు, అది తప్పని ఎప్పుడో తేలిపోయింది అని లెక్చరు పీకాను.

ఆయన బీడీ ఆర్పేదాకా అంతా విని ఇలా అన్నాడు: “ఎనభై ఏడులో మీ తాతతో కలిసి నేను మందు కొట్టాను. మొదట్లో సైపర్‌మెత్రిన్ చుక్క పడితే పచ్చపురుగు టపటపా రాలేది. రెండు మూడేళ్లు తిరిగేసరికి మందులో ముంచి తీసినా పాకుతూ పోయేది. మధ్యలో ఏం జరిగిందో నువ్వు చూశావా? పోనీ, ఆ గడ్డపాయన చూశాడా?”

గడ్డపాయన అంటే నా పుస్తకం అట్టమీది డార్విన్. నా దగ్గర జవాబు లేదు. జిరాఫీ మెడ చాచీ చాచీ పొడుగైందన్న లామార్క్ బొమ్మ వేసి మార్కులు తెచ్చుకున్నానేగానీ, నిజంగా ఈ రెండిటికీ తేడా ఎక్కడుంది? బయటినుంచి చూస్తే రెండూ ఒకటేలా ఉన్నాయి కదా: ముందు చచ్చేవి, ఇప్పుడు చావట్లేదు.

సందేహాల్రావు · రాత్రి 9:58

నా ఓటు మీ నాన్నగారికే. మా మామయ్య మొదటిసారి ఒక ముంత కల్లుకే కాలవలో పడ్డాడు. ఇప్పుడు నాలుగు ముంతలు తాగి సైకిల్ మీద ఇంటికొస్తాడు. అలవాటంటే అదేగా!

రిటైర్డ్_జువాలజీ · రాత్రి 10:31

రావుగారు సరదాకి అన్నా, అసలు పాయింటు అందులోనే ఉంది. మీ మామయ్యగారికి నాలుగు ముంతలు తట్టుకునే శక్తి వచ్చింది, ఒప్పుకుంటాను. కాలేయంలో ఎంజైములు పెరుగుతాయి. పురుగుల్లో కూడా ఇలాంటిది ఉంది, కొద్దిపాటి మందు తగిలితే దాన్ని విరగ్గొట్టే ఎంజైములు కాస్త ఎక్కువ తయారవుతాయి. కానీ రావుగారూ, మీ మామయ్యగారి అబ్బాయి మొదటిసారి తాగితే ఎన్ని ముంతలకి కాలవలో పడతాడు?

అదీ ప్రశ్న. తండ్రి సంపాదించిన తట్టుకునే శక్తి కొడుకుకి పుట్టుకతో రావడాన్నే ఆర్జిత గుణాల అనువంశికత అంటాం. 1809లో లామార్క్ రాసింది స్థూలంగా ఇదే. నిజానికి అప్పటికి అది అందరూ నమ్మే మాట, ఆయన కొత్తగా కనిపెట్టింది కాదు. జిరాఫీ గురించి ఆయన రాసింది ఒక పేరా మించదు పాపం, కానీ రెండొందల ఏళ్లుగా జిరాఫీని ఆయన మెడకే కట్టాం.

ఇక కుర్రాడి ప్రశ్నకి వస్తాను. బాబూ, ఒక కాగితం తీసుకో. ఒక ఊరి పొలాల్లో 10 లక్షల పురుగులున్నాయి అనుకుందాం. అందులో 100 పురుగులు పుట్టుకతోనే మందుకి లొంగనివి. మామూలు పురుగుల్లో మందు 99 శాతాన్ని చంపుతుంది అనుకో. మొదటిసారి కొడితే మామూలువి ఇంచుమించు 10 వేలు మిగులుతాయి, లొంగనివి ఆ 100 అలాగే ఉంటాయి. రైతుకి ఏం కనపడింది? మందు అద్భుతం! చేలో నూటికి తొంభై తొమ్మిది పోయాయి.

మిగిలినవి పిల్లలు పెట్టి మళ్లీ 10 లక్షలయ్యాయి. ఇప్పుడు వాటిలో లొంగనివి 10 వేలు. మళ్లీ కొట్టావు. మామూలువి 10 వేలు, లొంగనివి 10 వేలు మిగిలాయి. రైతుకి ఇప్పుడూ మందు బాగానే పనిచేసినట్టు కనపడుతుంది, నూటికి తొంభై ఎనిమిది పోయాయి కదా. అవి మళ్లీ పెరిగితే సగానికి సగం లొంగనివే. మూడోసారి కొట్టినప్పుడు సగం పురుగులు నిన్ను చూసి నవ్వుతాయి.

అంటే లోపల మార్పు మొదటి రోజునుంచీ ఒకే ఊపులో జరుగుతోంది. బయటికి మాత్రం రెండుసార్లు ఏమీ కనపడక, మూడోసారి ఒక్కసారిగా బయటపడింది. మీ నాన్నగారు చూసింది పూర్తిగా నిజం. పురుగు అలవాటు పడినట్టే కనపడుతుంది. కానీ ఏ ఒక్క పురుగూ మారలేదు, బాబూ. చచ్చేవి చచ్చాయి, చావనివి పిల్లల్ని పెట్టాయి. మారింది గుంపు. దీన్నే ప్రకృతి వరణం అంటాం.

(లెక్క సులువు కోసం తల్లీతండ్రీ ఇద్దరి జన్యువులు కలిసే గొడవ వదిలేశాను. ఎవరో ఒకరు పట్టుకుంటారని తెలుసు.)

పత్తిచేను_కుర్రాడు · రాత్రి 10:50

మాస్టారూ, చాలా థ్యాంక్సండీ. ఈ లెక్క మా లెక్చరర్ చెప్పి ఉంటే బాగుండేది. పక్క మంచంలో ఉన్న నాన్నకి చదివి వినిపించాను. వెంటనే అడిగాడు: “సరే, ఆ వంద ఎక్కడినుంచి వచ్చాయి? మందు కొట్టబట్టే అవి అట్లా తయారయ్యాయేమో?” నాకూ అదే డౌటు. 100 అని మీరు ముందే అనేసుకున్నారు కదా.

ల్యాబ్‌ఎలుక · ఆదివారం, ఉదయం 6:12

మీ నాన్నగారిని మా ల్యాబ్‌కి పంపండి, మా గైడు కంటే మంచి ప్రశ్న వేశారు. సరిగ్గా ఈ ప్రశ్న మీదే 1943లో లూరియా, డెల్‌బ్రూక్ అనే ఇద్దరు ఒక ప్రయోగం చేశారు. తర్వాత ఆ ఇద్దరికీ నోబెల్ కూడా వచ్చింది (1969లో, హెర్షీ అనే మరో శాస్త్రవేత్తతో కలిపి).

బాక్టీరియాని తినే వైరస్‌లుంటాయి. పళ్లెం నిండా బాక్టీరియాని పరిచి వైరస్ పోస్తే దాదాపు అన్నీ చస్తాయి, ఏవో కొన్ని మిగులుతాయి. ఆ కొన్నీ వైరస్ తగిలాక మారాయా, ముందునుంచే అలా ఉన్నాయా? లూరియా అనే ఆయన దీని గురించి తల బద్దలుకొట్టుకుంటూ, అమెరికాలో ఇండియానా యూనివర్సిటీ వాళ్ల పార్టీ ఒకదానికి వెళ్లాడు. అక్కడ సహోద్యోగి ఒకాయన స్లాట్ మెషీన్‌లో నాణేలు వేస్తున్నాడు. వేసినవన్నీ పోతున్నాయి, పోతున్నాయి, ఉన్నట్టుండి ఒక్కసారి గలగలా రాలాయి. లూరియాకి అక్కడ బుర్ర వెలిగింది.

ఎలాగంటే, వైరస్ తగిలాకే మార్పు వస్తుందనుకోండి. అప్పుడు ఇరవై పళ్లాలు పెడితే ప్రతిదాంట్లోనూ కాస్త అటూ ఇటూగా ఒకే సంఖ్యలో మిగలాలి. వాకిట్లో ఇరవై గిన్నెలు పెడితే వానచినుకులు అన్నిట్లో సుమారు సమానంగా పడ్డట్టు. అలా కాకుండా, విడివిడి గొట్టాల్లో బాక్టీరియా పెరుగుతున్నప్పుడే ఎక్కడో గుడ్డిగా మార్పు జరిగిందనుకోండి. ఒక గొట్టంలో తొలి తరాల్లోనే జరిగితే దాని సంతానం వందల్లో ఉంటుంది. ఇంకోదాంట్లో చివర్లో జరిగితే ఒకటో రెండో. చాలావాటిలో సున్నా. స్లాట్ మెషీన్ లాగే.

చేసి చూస్తే వచ్చింది స్లాట్ మెషీనే. చాలా పళ్లాల్లో ఏమీ లేవు, కొన్నిట్లో వందకి పైన. లెక్క కట్టింది డెల్‌బ్రూక్ అనే ఆయన. అందుకే ఇద్దరి పేర్లూ కలిపి చెప్తారు.

1952లో లెడర్‌బర్గ్ దంపతులు ఇంకా సింపుల్‌గా తేల్చారు. మఖమల్ గుడ్డతో ఒక పళ్లెం మీది బాక్టీరియా గుంపుల్ని రబ్బరు స్టాంపు వేసినట్టు వేరే పళ్లాల మీద అచ్చు వేశారు. ఆ పళ్లాల్లోనే వైరస్ ఉంది. అన్నిట్లోనూ ఒకే చోట ఉన్నవే బతికాయి. అప్పుడు అసలు పళ్లెంలో సరిగ్గా ఆ చోటునుంచి, వైరస్ మొహం కూడా చూడని వాటిని తీసి పరీక్షిస్తే, లొంగనివి అక్కడే ఉన్నాయి.

సందేహాల్రావు · ఉదయం 7:05

బాక్టీరియా సంగతి బానే ఉంది బాసూ. పురుగు సంగతి చెప్పు. ఆయన పండించేది పత్తి, పళ్లేలు కాదు.

ల్యాబ్‌ఎలుక · ఉదయం 7:48

చెప్తా, టీ తాగనీ.

పురుగుల మీద 1960లో ఒక ప్రయోగం వచ్చింది. అంత అందమైనది అయ్యుండీ పాఠ్యపుస్తకాల్లో ఎందుకుండదో నాకర్థం కాదు. పండ్ల ఈగల్ని కుటుంబాలుగా పెంచారు. ప్రతి కుటుంబంలో కొందరు తోబుట్టువులకి డీడీటీ పట్టించారు. ఎవరి తోబుట్టువులు ఎక్కువ బతికారో, ఆ కుటుంబంలో డీడీటీ వాసన కూడా తగలని మిగతా వాళ్లనే పిల్లలు కనడానికి వాడారు. ఇలా తరాలు గడిపితే డీడీటీని గట్టిగా తట్టుకునే ఈగలు వచ్చేశాయి. వాటి అమ్మానాన్నా తాతాముత్తాతల్లో ఒక్కరికీ డీడీటీ తగల్లేదు! అలవాటు పడటానికి అవకాశమే లేని వంశం అది. ఉత్త ఎంపికతోనే వచ్చింది.

ఇంకోటి. ఆస్ట్రేలియాలో గొర్రెల్ని పీడించే ఈగ ఒకటుంది. అది మలాథియాన్ అనే పురుగుమందుకి లొంగకుండా పోయింది. 2006లో శాస్త్రవేత్తలు మ్యూజియంలో సూదులకి గుచ్చి పెట్టిన పాత ఈగల డీఎన్ఏ తీశారు. మలాథియాన్ వాడకానికి ముందే చచ్చిన ఈగలు అవి. వాటిలో కొన్నిట్లో ఆ మార్పు అప్పటికే ఉంది. ఇదిగోండి మీ నాన్నగారి ‘ఆ వంద ఎక్కడినుంచి వచ్చాయి’కి జవాబు. మందు కనిపెట్టకముందునుంచే మూల కూర్చున్నాయి. అయితే డయాజినాన్ అనే మరో మందుకి సంబంధించిన మార్పు మాత్రం ఆ పాత ఈగల్లో దొరకలేదు. అది తర్వాత పుట్టి ఉండొచ్చు, లేదా వెతికిన కొద్ది ఈగల్లో తగలకపోయి ఉండొచ్చు.

అవతార్ · ఉదయం 8:20

ఇవన్నీ మన దశావతారాల్లోనే ఉన్నాయి. మత్స్యం, కూర్మం, వరాహం... వాళ్లు ఇప్పుడు కనిపెడుతున్నారు.

నిర్వాహకుడు · ఉదయం 8:26

దశావతారాలకి వేరే చర్చాదారం ఉంది, 43 పేజీలు నడిచింది. దయచేసి అక్కడికి. ఇక్కడ పత్తి పురుగే.

మిథైల్_మహేశ్ · ఉదయం 9:15

పాతకాలపు లామార్క్ దహనకాండ చూసి ఊరుకోలేక రాస్తున్నాను. ఎపిజెనెటిక్స్ అని ఒకటొచ్చింది, మీ మాస్టార్లకి తెలియదో, చెప్పరో. డీఎన్ఏ అక్షరాలు మారకుండానే వాటి మీద మిథైల్ గుర్తులు పడతాయి, ఏ జన్యువు పనిచేయాలో ఏది పడుకోవాలో అవి చెప్తాయి. తిండి, ఒత్తిడి వల్ల ఆ గుర్తులు మారతాయి. 1944-45 చలికాలంలో నాజీల దిగ్బంధంలో హాలెండ్‌లో కరువొచ్చింది. అప్పుడు కడుపున పడ్డవాళ్లలో ఆ గుర్తుల తేడా ఆరు దశాబ్దాల తర్వాత కూడా కనపడింది. ఇది ఆర్జిత గుణం కాదా? ఎలుకల్లో తల్లి తిన్న తిండిని బట్టి పిల్లల బొచ్చు రంగు మారుతుంది, 2003లోనే చూపించారు. లామార్క్ తిరిగొచ్చాడు. పత్తి పురుగుకి మాత్రం ఎందుకు వర్తించదు?

రిటైర్డ్_జువాలజీ · ఉదయం 10:02

మహేశ్ గారూ, మాస్టార్లకి తెలుసు లెండి. దానికి ల్యాబ్‌లో ఉన్న అబ్బాయి చెప్తేనే బాగుంటుంది. ఈలోగా నేను కొంచెం వెనక్కి వెళ్తాను, ఎందుకంటే మీరందరూ డార్విన్‌ని లామార్క్‌కి ఎదురుగా నిలబెడుతున్నారు. డార్విన్ కూడా ఆర్జిత గుణాలు పిల్లలకి వస్తాయనే నమ్మాడు!

1868లో ఆయనొక ఊహ చేశాడు. శరీరంలో ప్రతి భాగమూ చిన్న చిన్న కణికల్ని వదులుతుందట, అవన్నీ చేరి బీజకణాల్లో కూర్చుంటాయట. కమ్మరి చేయి బలపడితే కణికలూ మారతాయి, కొడుకు చేయీ బలంగా పుడుతుంది. ఆయనకి మేనత్త కొడుకు వరసయ్యే గాల్టన్ కుందేళ్ల నెత్తురు ఒకదాన్నుంచి ఒకదానికి ఎక్కించి చూశాడు, పిల్లల్లో ఏ తేడా రాలేదు. డార్విన్ కాస్త నొచ్చుకుని, కణికలు నెత్తురులో ఉంటాయని నేనెక్కడన్నాను అన్నాడు. పెద్దవాళ్లు కూడా ఇలాంటి మాటలు అంటారు మరి.

ఆ తలుపు మూసింది జర్మనీలో వైజ్‌మన్. బీజకణాల వరస వేరు, శరీరం వేరు, శరీరానికి జరిగింది బీజకణాల్లోకి వెళ్లదన్నాడు. ఐదు తరాలు ఎలుకల తోకలు కత్తిరిస్తూ పోయాడు, 901 పిల్లలు పుట్టాయి, ఒక్కదానికీ తోక పొట్టిగా లేదు. క్లాసులో నేను ఇది చెప్పి, “అమ్మాయిలూ, మీ అమ్మమ్మకీ, అమ్మమ్మ అమ్మమ్మకీ చెవులు కుట్టారు, మరి మీరెందుకు ఏడుస్తూ కుట్టించుకున్నారు?” అనేవాణ్ణి. ఆ ఒక్క ప్రశ్నతో పాఠం సగం అయిపోయేది. 2023లో ఎన్సీఈఆర్టీ పదో తరగతి పుస్తకంలోంచి పరిణామం భాగం తీసేశారు. దాంతో ఆ ప్రశ్న అడగడానికి కూడా చోటు లేకుండా పోయింది.

మిథైల్_మహేశ్ · ఉదయం 10:20

తోక కోయడం లామార్క్ చెప్పింది కాదు మాస్టారూ. ఆయన చెప్పింది అవసరం కొద్దీ వాడటం, వాడకపోవడం గురించి. ఎలుకకి తోక వద్దనిపించి మానేయలేదుగా, మీరు కోశారు. చెవులు కుట్టించడం కూడా అంతే.

రిటైర్డ్_జువాలజీ · ఉదయం 10:41

ఒప్పుకుంటాను. సరైన అభ్యంతరమే. ఆ ప్రయోగం గాయాలు వారసత్వంగా వస్తాయని అప్పట్లో జనం నమ్మే మాటని కొట్టేసింది, లామార్క్‌ని నేరుగా కాదు. ముప్పై ఏళ్లు క్లాసులో అది దాటేశాను.

ల్యాబ్‌ఎలుక · మధ్యాహ్నం 1:30

మహేశ్ అన్నా, నువ్వు చెప్పినవన్నీ నిజాలే, కానీ వాటిమీద కట్టిన మేడ నిలవదు.

హాలెండ్ కరువు చూడు. తల్లి కడుపుతో ఉంది, ఆకలితో ఉంది. కడుపులో బిడ్డ ఉంది. ఆ బిడ్డ ఆడపిల్లైతే దాని అండకణాలు అప్పటికే లోపల తయారవుతున్నాయి. అంటే ఒక్క ఆకలి మూడు తరాల మీద నేరుగా పడింది. మూడో తరంలో తేడా కనపడితే దాన్ని వారసత్వం అనలేం, అందరూ ఒకే దెబ్బ తిన్నారు అనాలి. మునిమనవరాలిదాకా వెళ్తే అప్పుడు మాట్లాడుకోవాలి. పైగా పాలిచ్చే జంతువుల్లో బీజకణాలు తయారయ్యేటప్పుడు ఒకసారి, పిండం మొదలయ్యేటప్పుడు ఒకసారి ఆ మిథైల్ గుర్తులు చాలామటుకు పలక తుడిచినట్టు తుడిచిపెట్టుకుపోతాయి. కొన్ని తప్పించుకుంటాయి, నిజమే.

మొక్కల్లో కథ వేరు. అక్కడ నీ వాదన బలంగా ఉంటుంది. లినేరియా అనే మొక్కలో పువ్వు ఆకారమే మారిపోయిన రకాన్ని 18వ శతాబ్దంలో లిన్నేయస్ అనే వృక్షశాస్త్రవేత్త చూసి కంగారుపడ్డాడు. 1999లో తేలిందేమంటే, ఆ జన్యువు అక్షరం చెడలేదు, మిథైల్ గుర్తులు దాన్ని నిద్రపుచ్చాయి, ఆ నిద్ర తరాలుగా వస్తోంది. అయితే గమనించు. ఆ మార్పు మొక్కకి అవసరమై వచ్చింది కాదు. ఎలా వచ్చిందో వచ్చింది. లామార్క్ మాటకి ప్రాణం ‘పిల్లలకి వస్తుంది’ అన్నదాంట్లో లేదు, ‘అవసరానికి తగ్గట్టు వస్తుంది’ అన్నదాంట్లో ఉంది.

నిజంగా లామార్క్‌కి కుర్చీ వేయాల్సిన చోటు ఒకటి చెప్తా. నీ పెరుగు గిన్నె. పాలు తోడుపెట్టే బాక్టీరియా ఒకదాంట్లో, దాడి చేసిన వైరస్ డీఎన్ఏ ముక్కని కోసి తన డీఎన్ఏలో అతికించుకునే ఏర్పాటు ఉందని 2007లో చూపించారు. మళ్లీ ఆ వైరస్ వస్తే గుర్తుపట్టి నరికేస్తుంది, పిల్లలకీ ఆ ముక్క వెళ్తుంది. క్రిస్పర్ అని, జన్యువుల్ని కత్తిరించే పద్ధతి, పేపర్లలో చూస్తున్నారే, దాని పుట్టిల్లు ఇదే. జీవితంలో తగిలిన దెబ్బనుంచి నేర్చుకుని పిల్లలకి అందించడం, అదీ పనికొచ్చే పాఠమే! ఇది లామార్క్ పద్ధతే అని రాసిన శాస్త్రవేత్తలున్నారు. కానీ ముక్క దొరికించుకునేవి లక్షల్లో ఏ ఒకటో రెండో, మిగతావి చస్తాయి. మళ్లీ ఎంపికే. ఆ కత్తెర ఏర్పాటు కూడా ఎంపికలోనే తయారైంది.

ఇక గులాబీ పురుగు. బీటీ విషం పనిచేయాలంటే పురుగు పేగులో కాడ్‌హెరిన్ అనే ప్రోటీన్‌కి అతుక్కోవాలి. లొంగని పురుగుల్లో ఏం దొరికిందో తెలుసా? ఆ ప్రోటీన్ తయారుచేసే జన్యువు విరిగిపోయి ఉంది. తాళం పాడైంది, దొంగ తాళంచెవి పట్టలేదు. (బీజీ-2లో రెండో విషం కూడా ఉంది, దానికి వేరే జన్యువు విరిగింది.) పురుగు ఏదీ నేర్చుకోలేదు, సాధన చేయలేదు, బలపడలేదు. లోపల ఒక పార్టు పాడైనది బతికిపోయింది. అలవాటు అనే మాట ఇక్కడే పూర్తిగా తప్పుతుంది.

మిథైల్_మహేశ్ · మధ్యాహ్నం 2:04

పెరుగు గిన్నె నాకు వదిలేశావు, చాలు. మిగతాది సాయంత్రం చదివి వస్తా.

పాతపుస్తకాల_షాపు · సాయంత్రం 4:15

ఈ చర్చ చూస్తే భయమేస్తుంది కూడా. మా ఇంట్లో సోవియట్ పుస్తకాల తెలుగు అనువాదాలు అలమర నిండా ఉండేవి, నేను వాటితోనే పెరిగాను. అందుకే లైసెంకో అనే సోవియట్ వ్యవసాయ శాస్త్రవేత్త కథ ఆలస్యంగా తెలిసినప్పుడు గట్టిగా తగిలింది. గోధుమ గింజల్ని చల్లబరిచి నాటితే త్వరగా కాస్తుంది, ఇది నిజం. కానీ ఆ లక్షణం గింజకి అలవాటై తర్వాతి పంటలకి దానంతటదే వస్తుందని ఆయన అన్నాడు, జన్యువులు బూర్జువా కల్పన అన్నాడు. స్టాలిన్ అండ దొరికింది. ప్రపంచమంతా తిరిగి విత్తనాలు పోగేసిన వావిలోవ్‌ని 1940లో అరెస్టు చేశారు. 1943లో సరతోవ్ జైల్లో చనిపోయాడు. తిండికి కొత్త పంటలు వెతికిన మనిషి, తిండి లేక! 1948 ఆగస్టులో జన్యుశాస్త్రాన్నే అధికారికంగా తోసేశారు. ‘అలవాటు’ అన్న ఒక్క మాట ఎంత దూరం పోయిందో చూడండి.

కాకినాడ_కాజా · సాయంత్రం 5:02

లైసెంకో పేరొచ్చింది కాబట్టి మా ఊరి ముచ్చట. ప్రకృతి వరణానికి లెక్కలు కట్టిన మహామహుల్లో ఒకడు హాల్డేన్. కమ్యూనిస్టు, అందుకే లైసెంకోని గట్టిగా కాదనడానికి చాలాకాలం తటపటాయించాడు, అది ఆయనకి మచ్చే. 1957లో ఇంగ్లండు వదిలి కలకత్తా వచ్చేశాడు, తర్వాత భువనేశ్వర్. భారత పౌరుడయ్యాడు. 1964 డిసెంబరు 1న అక్కడే పోయాడు. ఆయన దేహాన్ని వీలునామా ప్రకారం ఇచ్చింది ఎక్కడికనుకున్నారు? కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకి. ఆయన శిష్యుడు ద్రోణంరాజు కృష్ణారావు గారిది పక్కనే పిఠాపురం. మా వైపు చాలామందికి ఈ సంగతి తెలియదు. దారం తప్పించానేమో, క్షమించాలి.

నిర్వాహకుడు · సాయంత్రం 5:10

ఇలాంటి తప్పించడానికి అభ్యంతరం లేదు.

మండల_ఏఈఓ · రాత్రి 8:45

నేను వ్యవసాయ విస్తరణ అధికారిని (ఏఈఓ), డ్యూటీలో ఉండి ఇప్పుడే చూశాను. తమ్ముడూ, మీ నాన్నగారికి డార్విన్ అక్కర్లేదు, దీనివల్ల తన చేలో ఏం మారుతుందో కావాలి. అది నేను చెప్తాను.

ఒక్క విషం ఉన్న బీటీ పత్తి (బీజీ-1) 2002లో వచ్చింది, రెండు విషాల బీజీ-2 2006లో. 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తోపాటు 120 గ్రాముల నాన్ బీటీ విత్తనం ఇచ్చేవాళ్లు, గుర్తుందా? చేను చుట్టూ ఐదు వరుసలు వేయాలి, లేదా ఐదో వంతు పొలంలో వేయాలి, ఏది ఎక్కువైతే అది. ఎవరేశారు? నేనే చూశాను, గట్టు మీద పారేసేవాళ్లు. ‘ఊరికే పురుగుకి పెట్టే విత్తనం మాకెందుకు’ అనేవాళ్లు. అలవాటు అనే మాట నమ్మితే ఆ మాట న్యాయమే! పురుగు మందుకి అలవాటు పడకూడదంటే ఒక్కటి కూడా మిగలకుండా చంపాలి కదా, మనమే మేత వేయడం ఏంటి?

కానీ మాస్టారు వదిలేసిన ఆ తల్లీతండ్రీ గొడవ ఇక్కడ పనికొస్తుంది. ల్యాబ్ తమ్ముడు చెప్పిన పాడైన తాళం తల్లినుంచీ తండ్రినుంచీ రెండూ పాడైనవే వస్తేనే పురుగు బతుకుతుంది. ఒకటి బాగున్నా చస్తుంది. ఆ ఐదు వరుసల్లో విషం లేని మొక్కల మీద మామూలు రెక్కల పురుగులు వేలల్లో పెరుగుతాయి. బీటీ మొక్కల మీద బతికి బయటపడ్డ ఏ ఒకటో రెండో వాటితోనే జతకడతాయి. పిల్లలకి ఒక మంచి తాళం వస్తుంది, బీటీ కాయ కొరకగానే చస్తాయి. మామూలు పురుగుల్ని మేపింది దయతో కాదు, లొంగనివాటికి పెళ్లిచేయడానికి. ఆ సంబంధాలు మనం పోగొట్టాం, లొంగనివి లొంగనివాటినే చేసుకున్నాయి. బీజీ-1కి గులాబీ పురుగు లొంగడం లేదని 2010లో గుజరాత్‌లో బయటపడింది, తర్వాత బీజీ-2కీ అదే గతి పట్టి మన దాకా వచ్చింది.

ఇంకో సంగతి గమనించండి. పచ్చపురుగు మాత్రం బీటీకి అంత తొందరగా ఎదురు తిరగలేదు. అది కంది తింటుంది, శనగ తింటుంది, టమాటా తింటుంది, అవేవీ బీటీ కావు. ఊరంతా దానికి ఐదు వరుసలే. గులాబీ పురుగుకి దాదాపు పత్తి ఒక్కటే గతి. మరి ఎనభై ఏడులో పచ్చపురుగు సైపర్‌మెత్రిన్‌కి ఎందుకు లొంగలేదంటే, మనం ఆ మందు ఒక్క పత్తి మీదే కొట్టామా? దానికి దాక్కునే చోటెక్కడుంది?

చైనాలో యాంగ్‌ట్సీ లోయలో రైతులు హైబ్రిడ్ రెండో తరం విత్తనం వేశారు. దాంట్లో నాలుగో వంతు మొక్కలకి విషం ఉండదు, కావాలని కాకపోయినా ఐదు వరుసల పని అదే చేసింది. లొంగని గులాబీ పురుగులు అక్కడ తగ్గాయని 2017లో రాశారు. అలవాటే అయితే విషం ఇంకా చేలో ఉండగా ఆ అలవాటు ఎలా తగ్గుతుంది?

పత్తిచేను_కుర్రాడు · రాత్రి 9:30

అన్నా, మొత్తం చదివి వినిపించాను. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. పాడైన తాళం దగ్గర మాత్రం “అంటే అది గెలవలేదన్నమాట, అవిటిదై బతికిందన్నమాట” అన్నాడు. తర్వాత ఒక ప్రశ్న అడిగాడు, అది కూడా రాయమన్నాడు:

“నేను ఐదు వరుసలు వదిలాననుకో. ఆ రెక్కల పురుగు నా గట్టు దగ్గర ఆగదుగా. పక్కోడు వదల్లేదు. నేను పోగొట్టుకున్న పత్తితో వాడి చేను బాగుపడుతుంది. అట్లాంటప్పుడు ఊళ్లో ఐదు వరుసలు వదిలేవాడు ఎన్నాళ్లు మిగులుతాడు?”

రిటైర్డ్_జువాలజీ · రాత్రి 9:41

బాబూ, మీ నాన్నగారు ఇప్పుడు ప్రకృతి వరణాన్ని పురుగుల మీదనుంచి తీసి రైతుల మీద పెట్టారు. ఆ ‘గడ్డపాయన’ ఉంటే చేయి కలిపేవాడు.

మండల_ఏఈఓ · రాత్రి 10:15

దానికి నా దగ్గర మంచి జవాబు లేదు తమ్ముడూ. అందుకే ఈమధ్య నాన్ బీటీ గింజలు ప్యాకెట్‌లోనే కలిపి ఇవ్వడం మొదలుపెట్టారు, ఎవరి ఇష్టానికీ వదలకుండా. ఈ ఏడాదికి మాత్రం నాన్నగారికి రెండు చెప్పు. లింగాకర్షక బుట్టలు పెట్టమను, వరసగా మూడు రాత్రులు బుట్టకి ఎనిమిది రెక్కల పురుగులు పడితేనే మందు కొట్టాలి, అదీ కిందటిసారి కొట్టింది కాకుండా వేరే రకం. డిసెంబరు దాటాక నాలుగు కాయలకి ఆశపడి తోట ఉంచొద్దు, కట్టె పీకించేయమను. పక్కాయన పీకకపోతే ఆయన నంబరు నాకు మెసేజ్ పెట్టు, నేనొచ్చి మాట్లాడతాను.